నది ఎత్తు ఒక అంకె, ఎక్కే జోరు మరో అంకె: భుయ్యాడీహ్ ఒడ్డున వాలు లెక్క

జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ నది ఒడ్డున ఉన్న బస్తీల్లో భుయ్యాడీహ్ ఒకటి. ఉత్తరాది పల్లెల వాడుకలో డీహ్ అంటే ఊరు నిలిచిన మిట్ట. పేరులో మిట్ట ఉన్నా, నది వైపున్న ఇళ్ళు మాత్రం పల్లంలోనే ఉన్నాయి. వానాకాలంలో సువర్ణరేఖ పొంగితే నీళ్ళు ముందుగా చూసేది ఆ ఇళ్ళ గుమ్మాలనే. అలాంటి రోజుల్లో ఊరంతా చెవి పెట్టి వినే అంకె ఒకటుంది. అది మాంగో వంతెన దగ్గర నది మట్టం. అక్కడ ప్రమాద స్థాయిని సముద్ర మట్టానికి 121.50 మీటర్ల ఎత్తుగా లెక్కిస్తారు.

ఇప్పుడు రెండు ఉదయాలను ఊహించుకోండి. మొదటి రోజు పది గంటలకు నది మట్టం 121.20 మీటర్లు. మరో రోజు అదే పది గంటలకు మట్టం 120.50 మీటర్లు. ఈ రెండింటిలో ఏ రోజు ఎక్కువ కంగారు పడాలి?

మొదటి రోజే అని చాలామంది అంటారు. ప్రమాద స్థాయికి ఇక 30 సెంటీమీటర్లే మిగిలింది కదా! కానీ మరో సంగతి కూడా తెలిస్తే జవాబు మారిపోతుంది. మొదటి రోజు నది గంటకు 5 సెంటీమీటర్ల చొప్పున తగ్గుతోంది. రెండో రోజు గంటకు 20 సెంటీమీటర్ల చొప్పున పెరుగుతోంది. మొదటి రోజు గండం గడిచినట్టే. రెండో రోజు గండం ఇప్పుడే మొదలైంది.

నది ఎంత ఎత్తులో ఉందన్నది ఒక ప్రశ్న. ఎంత జోరుగా ఎక్కుతోందన్నది మరో ప్రశ్న. ఈ రెండో ప్రశ్నకు జవాబిచ్చే అంకెనే గణితంలో ‘వాలు’ అంటారు. బడిలో గళ్ళ కాగితం మీద రెండు చుక్కలు పెట్టి, గీత గీసి లెక్కగట్టే వాలు ఇదే.

మేస్త్రీకి తెలిసిన ‘వాటం’

1907లో టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ ఏర్పడ్డాక, సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోటికి దగ్గర్లో, సాక్చీ గ్రామం వద్ద ఈ ఉక్కు నగరం వెలిసింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికి వచ్చి, తరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. గచ్చు వేయించేటప్పుడు తెలుగిళ్ళలో తప్పక వినిపించే మాట ‘వాటం’. స్నానాల గదిలో నీళ్ళు నిలవకుండా జాలారి వైపు పోవాలంటే గచ్చుకు వాటం పెట్టాలి. మరీ తక్కువైతే నీళ్ళు నిలుస్తాయి, మరీ ఎక్కువైతే కాలు జారుతుంది. నీరు పల్లమెరుగు అన్న సామెత అందరికీ తెలుసు. ఆ పల్లం ఎంత ఉండాలో మేస్త్రీకి తెలుసు. ఆ ‘ఎంత’ను అంకెగా మార్చడమే గణితం చేసే పని.

ఒక దారి ఎంత ఏటవాలుగా ఉందో చెప్పడానికి ఒక్క కొలత చాలదు. రెండు కావాలి. అడ్డంగా ఎంత దూరం జరిగాం, ఆ దూరంలో నిలువుగా ఎంత ఎక్కాం. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చేదే వాలు.

వాలు = నిలువు మార్పు ÷ అడ్డు మార్పు

రెండు ర్యాంపులు ఉన్నాయనుకోండి. మొదటిది 4 అడుగుల అడ్డు దూరంలో 1 అడుగు ఎక్కుతుంది. రెండోది 18 అడుగుల్లో 3 అడుగులు ఎక్కుతుంది. ఎక్కువ ఎత్తుకు చేర్చేది రెండోది. కానీ నెట్టుకుంటూ సైకిలు ఎక్కించేవాడికి ఆయాసం తెప్పించేది మొదటిది. దాని వాలు 1/4, రెండోదాని వాలు 1/6. అడ్డంగా ఒక్కో అడుగు జరిగినప్పుడు మొదటిదాని మీద 3 అంగుళాలు ఎక్కాలి, రెండోదాని మీద 2 అంగుళాలే.

భాగహారమే ఎందుకు, తీసివేత చేస్తే పోదా అన్న అనుమానం పిల్లలకు రావడం సహజం. ఒక మెట్టు 3 అడుగుల్లో 2 అడుగులు ఎక్కుతుంది. ఇంకొకటి 5 అడుగుల్లో 4 అడుగులు ఎక్కుతుంది. తీసివేస్తే రెండింటికీ తేడా 1 అడుగే. కాబట్టి రెండూ ఒకేలా ఉన్నాయని చెప్పాల్సి వస్తుంది. భాగిస్తే మొదటిది సుమారు 0.67, రెండోది 0.8. నిజంగా ఎక్కి చూస్తే కాళ్ళు కూడా భాగహారం వైపే తీర్పు చెబుతాయి. ఒకే వాలున్న దారిని రెండింతలు పొడిగిస్తే ఎత్తూ రెండింతలవుతుంది, అడ్డు దూరమూ రెండింతలవుతుంది. వాటి తేడా కూడా రెండింతలైపోతుంది. మారకుండా నిలిచేది నిష్పత్తి ఒక్కటే.

గీత మీద ఎక్కడ కొలిచినా ఒకటే

ఈ ‘మారకుండా నిలవడం’ అన్నదే సరళరేఖకు ఉన్న అసలు లక్షణం. గళ్ళ కాగితం మీద (2, 1), (4, 4), (10, 13) అనే మూడు బిందువులు పెట్టి చూడండి. ప్రతి జతలో మొదటి అంకె అడ్డంగా ఎంత దూరమో, రెండో అంకె నిలువుగా ఎంత ఎత్తో చెబుతుంది. మొదటి బిందువు నుంచి రెండోదానికి వెళ్ళాలంటే అడ్డంగా 2 గళ్ళు జరిగి, పైకి 3 గళ్ళు ఎక్కాలి. వాలు 3/2. రెండోదాని నుంచి మూడోదానికి అడ్డంగా 6 గళ్ళు, పైకి 9 గళ్ళు. వాలు 9/6, అంటే మళ్ళీ 3/2. మొదటిదాని నుంచి నేరుగా మూడోదానికి అడ్డంగా 8, పైకి 12. మళ్ళీ 3/2.

స్కేలు పెట్టి చూస్తే మూడు బిందువులూ ఒకే గీత మీద ఉంటాయి. అడ్డు, నిలువు గీతలతో ఏర్పడిన లంబకోణ త్రిభుజాల్లో ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. అయినా ఆకారం ఒకటే. ఇవి సరూప త్రిభుజాలు. వాటి భుజాల నిష్పత్తులు సమానం కాబట్టే వాలు కూడా సమానం. గీత మీద ఏ రెండు బిందువులు తీసుకున్నా అదే జవాబు రావడానికి కారణం ఇది.

దీన్ని తిరగేసి వాడుకోవచ్చు కూడా. మూడు బిందువులు ఒకే గీత మీద ఉన్నాయా లేదా అన్న అనుమానం వస్తే, మొదటి జంట వాలు, రెండో జంట వాలు కట్టి పోల్చితే చాలు. రెండూ సమానమైతే ఒకే గీత. తేడా వస్తే ఎక్కడో వంపు ఉన్నట్టు. నది మట్టం విషయంలో ఈ చిన్న పరీక్ష ఎంత పనికొస్తుందో చివర్లో తెలుస్తుంది.

వరస తప్పితే గుర్తు తప్పుతుంది

బిందువుల నిరూపకాలు తెలిస్తే గళ్ళు లెక్కపెట్టే పని కూడా ఉండదు. ఒక బిందువు (1, 9), ఇంకొకటి (5, 1) అనుకుందాం. రెండో బిందువు ఎత్తులోంచి మొదటిదాని ఎత్తు తీసేస్తే 1 − 9 = −8. అలాగే అడ్డు దూరాల్లో 5 − 1 = 4. వాలు −8 ÷ 4 = −2. అంటే కుడివైపు ఒక్క గడి జరిగితే రెండు గళ్ళు కిందికి దిగుతాం.

మొదటిదాంట్లోంచి రెండోది తీసేసినా ఫరవాలేదు. 9 − 1 = 8, 1 − 5 = −4, వాలు 8 ÷ −4 = −2. అదే జవాబు. ప్రమాదమంతా పైన ఒక వరస, కింద ఇంకో వరస పాటించినప్పుడే. పైన 1 − 9 అని రాసి, కింద 1 − 5 అని రాస్తే −8 ÷ −4 = 2 వస్తుంది. దిగే గీత కాస్తా కాగితం మీద ఎక్కే గీత అయిపోతుంది. తగ్గుతున్న నదిని పెరుగుతోందని చెప్పినట్టే. ఏ బిందువుతో మొదలుపెట్టినా సరే, పైనా కిందా అదే బిందువుతో మొదలుపెట్టాలి. ఈ ఒక్క అలవాటు చాలా తప్పుల్ని ఆపుతుంది.

ఇంకో మంచి అలవాటు, లెక్క మొదలుపెట్టే ముందే గీతను ఒకసారి ఎడమ నుంచి కుడికి కంటితో నడిచి చూడటం. ఎక్కుతుంటే వాలు ధనాత్మకం. దిగుతుంటే ఋణాత్మకం. చదునుగా ఉంటే నిలువు మార్పు సున్నా, కాబట్టి వాలూ సున్నా. నిట్టనిలువు గోడలా ఉంటే అడ్డు మార్పు సున్నా. సున్నాతో భాగించడం కుదరదు కాబట్టి నిలువు గీతకు వాలు నిర్వచించలేం. సున్నా వాలుకీ, నిర్వచించలేని వాలుకీ ఉన్న తేడా ఇదే. ఒకటి చదును నేల, ఒకటి నిలువు గోడ.

నది మొత్తానికి ఒక వాలు, జలపాతానికి ఇంకొకటి

కాగితం మీది గీతను వదిలి ఇప్పుడు నది దగ్గరికే వెళ్దాం. సువర్ణరేఖ రాంచీ దగ్గరున్న నగడీ గ్రామ సమీపంలో, దాదాపు 600 మీటర్ల ఎత్తున పుడుతుంది. సుమారు 395 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. మొత్తం మీద దాని వాలు ఎంత? 600 మీటర్లను 395 కిలోమీటర్లతో భాగిస్తే కిలోమీటరుకు సుమారు 1.5 మీటర్లు. నది దిగుతోంది కాబట్టి, ప్రవాహ దిశలో చూస్తే ముందు ఋణ గుర్తు పెట్టాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పైన మీటర్లు, కింద కిలోమీటర్లు ఉన్నాయి. రెండింటినీ మీటర్లలోకి మారిస్తే 600 ÷ 3,95,000, అంటే సుమారు 0.0015. ఇది ఎంత చిన్న వాలంటే, 30 సెంటీమీటర్ల స్కేలును బల్ల మీద పెట్టి ఒక కొన కింద నాలుగైదు కాగితాలు దూర్చితే వచ్చేటంత. కంటికి ఆనని ఆ వాలే నీటిని ఛోటానాగపూర్ పీఠభూమి నుంచి సముద్రం దాకా నడిపిస్తోంది.

అయితే ఈ అంకె నదంతటికీ కలిపి కట్టిన సగటు. దారి పొడుగునా వాలు ఒకేలా ఉండదు. రాంచీ దగ్గర హుండ్రూ జలపాతం వద్ద ఇదే నది 98 మీటర్లు ఒక్క ఉదుటున దూకుతుంది. 395 కిలోమీటర్లలో దిగాల్సిన ఎత్తులో దాదాపు ఆరో వంతు ఆ ఒక్క చోటే దిగిపోతుంది. అక్కడ నిలువు మార్పు 98 మీటర్లు, అడ్డు మార్పు దాదాపు లేనట్టే. వాలు విలువ కొండెక్కుతుంది. ఆ 98 మీటర్లు పక్కన పెట్టి చూస్తే, మిగతా దారంతటికీ వాలు కిలోమీటరుకు 1.3 మీటర్లకు పడిపోతుంది. సగటు వాలు ఒకటి, ఆ చోట ఉన్న వాలు ఒకటి. వంపులున్న దారికి ఈ రెండూ వేర్వేరు. సరళరేఖకు మాత్రమే రెండూ ఒకటి.

కొండ రైళ్ళు కట్టిన ఇంజనీర్లకు ఈ తేడా బాగా తెలుసు. యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్న నీలగిరి రైలు 46 కిలోమీటర్ల దారిలో 326 మీటర్ల ఎత్తు నుంచి 2,203 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. 1,877 మీటర్ల ఎక్కుడును 46,000 మీటర్లతో భాగిస్తే సగటు వాలు సుమారు 0.04, అంటే 4 శాతం. కానీ నిటారుగా ఉన్న చోట్ల వాలు 8 శాతం దాకా ఉంటుంది. మామూలు చక్రాలు పట్టాల మీద జారిపోకుండా, అక్కడ పళ్ళ పట్టా, పళ్ళ చక్రం వాడారు. సగటు చూసుకుని 4 శాతానికి సరిపోయే ఇంజను కట్టి ఉంటే రైలు సగం దారిలోనే ఆగిపోయేది.

పిరమిడ్ల కాలం నాటి లెక్క

వాలును అంకెతో చెప్పాలన్న ఆలోచన కొత్తది కాదు. క్రీస్తు పూర్వం 1550 ప్రాంతంలో ఈజిప్టులో రాసిన రైండ్ పపైరస్‌లోని 56వ లెక్క ఇదే. ఒక పిరమిడ్ పునాది భుజం 360 మూరలు, ఎత్తు 250 మూరలు. దాని వాలు ఎంత? వాళ్ళు దాన్ని ‘సెకెడ్’ అనేవారు. ఒక మూర ఎత్తు ఎక్కితే అడ్డంగా ఎన్ని బెత్తెలు లోపలికి జరగాలన్నదే సెకెడ్. వాళ్ళ మూరకు ఏడు బెత్తెలు. పునాదిలో సగం 180. దాన్ని 250తో భాగించి 7తో హెచ్చిస్తే 5.04 బెత్తెలు వస్తాయి. రాళ్ళు చెక్కేవాడికి ఆ ఒక్క అంకె ఇస్తే చాలు, నాలుగు వైపులా ముఖాలు ఒకే వాలుతో లేచి పైన ఒక కొనకు చేరతాయి.

గమనించాల్సిన విషయం ఏమంటే, ఈజిప్టువాళ్ళది తలకిందుల లెక్క. వాళ్ళు అడ్డును నిలువుతో భాగించారు. ఈనాటి పద్ధతిలో అదే ముఖం వాలు 250 ÷ 180, సుమారు 1.39. సెకెడ్ పెరిగితే కట్టడం చదునవుతుంది. ఈనాటి వాలు పెరిగితే నిటారవుతుంది. పిల్లలు పరీక్షలో పైదాన్ని కింద, కిందిదాన్ని పైన రాసి తప్పు తెచ్చుకుంటారు. అర్థం లేని పనేమీ కాదది. వేల ఏళ్ళ కిందట ఒక నాగరికత దాన్నే కొలతగా వాడింది. కానీ పద్ధతి ఏదో ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడాలి. లేకపోతే నిటారుది చదునుగానూ, చదునుది నిటారుగానూ కనిపిస్తుంది.

ఈనాడు భవనాల ముందు చక్రాల కుర్చీల కోసం కట్టే ర్యాంపులకు 1:12 అన్న నిష్పత్తి పాటిస్తారు. ఒక సెంటీమీటరు ఎత్తుకు కనీసం 12 సెంటీమీటర్ల అడ్డు దూరం ఉండాలి. గుమ్మం ఎత్తు 45 సెంటీమీటర్లయితే ర్యాంపు కనీసం 5.4 మీటర్లు సాగాలి. చోటు లేదని దాన్ని 2 మీటర్లకు కుదించి కడితే అది చూడటానికి ర్యాంపే, కానీ కుర్చీలో ఉన్నవారు ఒంటరిగా ఎక్కలేరు. ఒక మనిషి తన ఇంట్లోకి తాను వెళ్ళగలగడం, లేకపోవడం ఒక భిన్నం మీద ఆధారపడి ఉంటుంది.

అడ్డు గీత మీద గడియారం పెడితే

ఇంతవరకూ అడ్డంగా ఉన్నది దూరం. ఇప్పుడు దూరం బదులు కాలాన్ని పెట్టి చూద్దాం. అడ్డ గీత మీద గంటలు, నిలువు గీత మీద నది మట్టం. భాగహారం మారదు. అర్థం మాత్రం మారుతుంది. ఇప్పుడు వాలు అంటే గంటకు ఎన్ని మీటర్లు అన్న రేటు.

ఒక వానాకాలపు ఉదయం మాంగో వంతెన దగ్గర కొలతలు ఇలా ఉన్నాయనుకుందాం. ఇవి లెక్క కోసం ఊహించినవి.

ఉదయం 6 గంటలకు: 119.70 మీటర్లు
ఉదయం 8 గంటలకు: 120.10 మీటర్లు
ఉదయం 10 గంటలకు: 120.50 మీటర్లు

ఆరు నుంచి ఎనిమిది దాకా 0.40 మీటర్లు, 2 గంటలు. వాలు గంటకు 0.20 మీటర్లు. ఎనిమిది నుంచి పది దాకా కూడా అంతే. రెండు జంటల వాలూ సమానం కాబట్టి మూడు బిందువులూ ఒకే గీత మీద ఉన్నాయి. నది ఒకే జోరుతో ఎక్కుతోంది. ప్రమాద స్థాయి 121.50కి ఇంకా 1.00 మీటరు ఉంది. దాన్ని 0.20తో భాగిస్తే 5 గంటలు. ఇదే జోరు సాగితే మధ్యాహ్నం 3 గంటలకు నది ఆ గీత దాటుతుంది.

మధ్యాహ్నం 12 గంటలకు మళ్ళీ కొలిస్తే 121.10 ఉందనుకుందాం. పది నుంచి పన్నెండు దాకా వాలు 0.60 ÷ 2, అంటే గంటకు 0.30 మీటర్లు. గీత వంగింది. నది జోరందుకుంది. ఇప్పుడు మిగిలింది 0.40 మీటర్లు. దాన్ని 0.30తో భాగిస్తే గంటా ఇరవై నిమిషాలు. అంటే 3 గంటలకు అనుకున్నది 1 గంట 20 నిమిషాలకే వచ్చేస్తోంది.

ఇక్కడ ఉదయం నుంచి మొత్తం సగటు తీసుకుంటే ఏమవుతుంది? ఆరు నుంచి పన్నెండు దాకా 1.40 మీటర్లు, 6 గంటలు. వాలు గంటకు 0.23 మీటర్లు. దాంతో లెక్కిస్తే ప్రమాద స్థాయి దాటేది 1 గంట 43 నిమిషాలకు. ఉన్న వ్యవధిని 23 నిమిషాలు ఎక్కువ చేసి చూపిస్తుందా లెక్క. హుండ్రూ జలపాతాన్ని సగటు దాచేసినట్టే, నది తాజా జోరును కూడా సగటు దాచేస్తుంది. అందుకే దగ్గర దగ్గర సమయాల్లో తీసిన తాజా కొలతలనే పట్టుకోవాలి. ఆ వ్యవధిని ఇంకా ఇంకా కుదించుకుంటూ పోయి, ‘సరిగ్గా ఈ క్షణాన వాలు ఎంత’ అని అడిగితే అక్కడి నుంచి కలన గణితం మొదలవుతుంది. పెద్ద చదువుల్లో ఎదురయ్యే ఆ శాస్త్రానికి మొదటి మెట్టు ఈ భాగహారమే.

ఈ లెక్కను ఇంటివాళ్ళు మరో వైపు నుంచి కూడా చేయవచ్చు. సామాను సర్దుకుని, ముసలివాళ్ళను, పిల్లలను మిట్టకు చేర్చడానికి 3 గంటలు పడుతుందనుకుందాం. నది గంటకు 0.20 మీటర్లు ఎక్కుతుంటే ఆ 3 గంటల్లో 0.60 మీటర్లు పెరుగుతుంది. అంటే మట్టం 120.90 ఉన్నప్పుడే కదలాలి. గంటకు 0.30 అయితే 120.60 దగ్గరే కదలాలి. నది ఎక్కే జోరును బట్టి కదలాల్సిన గీత కిందికి జరుగుతుంది. ‘ప్రమాద స్థాయికి ఇంకా దూరముందిలే’ అన్న ధీమా ఎందుకు మోసం చేస్తుందో ఈ రెండు అంకెలు చెబుతాయి.

ఇది నదిని గీతగా భావించి కట్టిన అంచనా మాత్రమే. ఎగువన చాండిల్ జలాశయం గేట్లు ఎత్తినా, సోనారీ దగ్గర దోముహానీలో కలిసే ఖర్కాయి పొంగినా గీత ఉన్నట్టుండి వంగుతుంది. అధికారుల హెచ్చరికకు ఇది ప్రత్యామ్నాయం కాదు. ఆ హెచ్చరికలో వినిపించే అంకెలను అర్థం చేసుకోవడానికి సాయం.

ఎత్తుకూ వాలుకూ పొరపాటు

రేఖాచిత్రంలో ఎత్తుగా ఉన్న బిందువునే జోరుగా మారుతున్న బిందువుగా చదవడం పిల్లల్లో తరచూ కనిపించే పొరపాటు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర బోధనపై పనిచేసిన లిలియన్ మెక్‌డెర్మట్, ఆమె సహచరులు 1987లో ప్రచురించిన ఒక వ్యాసంలో దీన్ని వివరించారు. రెండు వస్తువుల కదలికను గీతలుగా చూపి ఏది వేగంగా వెళ్తోందని అడిగితే, వాలు చూడాల్సిన చోట కళాశాల విద్యార్థులు కూడా ఎత్తు చూసి జవాబు చెబుతుంటారు. మొదట్లో అడిగిన రెండు ఉదయాల ప్రశ్నలో ఉన్న ఉచ్చు కూడా అదే.

మరో ఉచ్చు కొలబద్దలో ఉంది. పై కొలతలనే ఒక కాగితం మీద 1 సెంటీమీటరుకు 1 మీటరు చొప్పున గీస్తే గీత దాదాపు చదునుగా కనిపిస్తుంది. 1 సెంటీమీటరుకు 10 సెంటీమీటర్ల చొప్పున గీస్తే గోడలా లేస్తుంది. నది ఒకటే, అంకెలు ఒకటే. కంటికి కనిపించే కోణం కొలబద్దను బట్టి మారుతుంది, లెక్కగట్టిన వాలు మారదు. పత్రికల్లో, టీవీల్లో గ్రాఫులు చూసేటప్పుడు ముందుగా అక్షాల మీది అంకెలు చదవాలని చెప్పేది ఇందుకే.

అమెరికాలో చాలా రాష్ట్రాలు అనుసరించే పాఠ్య ప్రమాణాల్లో వాలు ఎనిమిదో తరగతి పాఠం. అక్కడ సరూప త్రిభుజాలతోనే దాన్ని పరిచయం చేస్తారు. మన దగ్గర తెలంగాణ పదో తరగతి నిరూపక జ్యామితిలో సరళరేఖ వాలు కనిపిస్తుంది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లో చాలా ఏళ్ళుగా పదకొండో తరగతి సరళరేఖల అధ్యాయంలో ఉంది. పేరు ఎప్పుడు వచ్చినా, దానికి కావలసిన సరంజామా అంతా నిష్పత్తి, భిన్నాలు, గ్రాఫుల రూపంలో ఏడు, ఎనిమిది తరగతుల్లోనే పిల్లల చేతికి వస్తుంది.

బడిలో దీన్ని చేసి చూపించడానికి మేస్త్రీలు వాడే నీళ్ళ గొట్టం చాలు. పారదర్శకంగా ఉన్న పొడవాటి గొట్టంలో బుడగలు లేకుండా నీళ్ళు నింపి, రెండు కొనలనూ ఇద్దరు పిల్లలు పట్టుకోవాలి. ఒకరు వాలు దారికి పైన, ఒకరు కింద నిలబడాలి. గొట్టంలో నీటి మట్టం రెండు కొనల్లోనూ ఒకే ఎత్తున నిలుస్తుంది. ఆ మట్టం నుంచి నేల దాకా రెండు చోట్లా కొలిచి తీసివేస్తే నిలువు మార్పు. ఇద్దరి మధ్య తాడును చదునుగా పట్టుకుని కొలిస్తే అడ్డు మార్పు. భాగిస్తే వాలు. ఇదే కొలతను దారి మధ్యలో ఇంకో రెండు చోట్ల తీసి పోలిస్తే, ఆ దారి సరళరేఖో కాదో కూడా తేలిపోతుంది.

భుయ్యాడీహ్ లాంటి చోట పిల్లలు ఇంకొక పని కూడా చేయవచ్చు. ఏరు పొంగిన రోజు ఒడ్డుకు వెళ్ళకూడదు. వార్తల్లో చెప్పే మట్టాన్ని, చెప్పిన సమయంతో సహా నోటుపుస్తకంలో రాసుకుంటే చాలు. ఒక్క కొలత ఉంటే నది ఎక్కడుందో తెలుస్తుంది. రెండు కొలతలుంటే ఎటు పోతోందో తెలుస్తుంది. మూడు ఉంటే జోరు పెరిగిందో తగ్గిందో కూడా తెలుస్తుంది. ‘నీళ్ళు ఎంత దాకా వచ్చాయి?’ అని ఇంట్లో పెద్దవాళ్ళు అడిగినప్పుడు, ఆ మట్టంతో పాటు ‘గంటకు ఎంత పెరుగుతోంది?’ అన్న రెండో ప్రశ్నకు కూడా జవాబు అప్పటికే నోటుపుస్తకంలో ఉంటుంది.